తైలం పోసిన లాప్‌టాప్

ఎమ్మిగనూరు,
మార్చి 6.

తమ్ముడు హారూన్‌కు,
నీ గడప మీద శాంతి, సమాధానం నిలవాలని కోరుతూ ఇశ్రాయేలు.

నాలుగు రోజులుగా నువ్వు ఫోన్ చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. అలక కాదు. శ్రమల దినాలు మొదలైనాయి. ఈస్టరు దాకా నోరు తెరవనని మొక్కుకున్నాను. మందిరంలో వాక్యం సంఘ పెద్ద దేవదాసు చెబుతున్నాడు, నేను ముందు బెంచీలో కూర్చుని తలాడిస్తున్నాను. జెకర్యా యాజకుడు తొమ్మిది నెలలు మూగగా ఉన్నాడు. ముప్పై ఏండ్లు ఉరిమినవాడు నలభై రోజులు ఊరుకోలేడా? ఇక ఏదైనా కాగితం మీదే. ఆదోని బస్సు నడిపే గోవిందన్న చేతికిస్తాను, నువ్వూ ఆయన చేతికే ఇవ్వు.

నాకొక యంత్రం కావాలి. పోయిన ఏడాది నీ షాపులో నువ్వు టైపు చేసిన మాటను కంప్యూటరు నీ గొంతుతో పలికింది. చచ్చినవాడి గొంతు పలికించిన ఏన్దోరు మంత్రగత్తె పని అని తిట్టి వచ్చాను. ఇప్పుడు అదే అడుగుతున్నాను. లోకమంతా వదిలేసినా నేను క్యాసెట్టు వదల్లేదు. నా ప్రసంగాలు రెండు వందల పన్నెండు క్యాసెట్లు. వాటన్నింటినీ మందిరం కంప్యూటరులోకి ఎక్కించాను. అవి విని నా గొంతు నేర్చుకునే యంత్రం కావాలి. ఇంటర్నెట్టులోకి పోకూడదు. నా గొంతు ఎవడి గోదాములోనో పడి ఉండడం నాకిష్టం లేదు. నా ఇంట్లో, నా బల్ల మీదే జరగాలి. చిప్పగిరిలో, గోనెగండ్లలో, జొన్నగిరిలో, ఎక్కడ నలుగురు కూడినా నేను పోకుండానే నా వాక్యం వినిపించాలని ఆశ.

ఈస్టరుకు ముందే కావాలి. పాత కంప్యూటరు ఈ బస్సులోనే వస్తోంది. అందులోవి కొత్తదాంట్లోకి మార్చి, పాతదాన్ని అక్షరం మిగలకుండా తుడిచెయ్యి. దేవదాసు కూతురికి ఇస్తానన్నాను. నా ఈ పని సంగతి మాత్రం వాళ్ళెవరికీ తెలియకూడదు.

ఇశ్రాయేలు


ఆదోని,
మార్చి 9.

ఇశ్రాయేలన్నకు హారూన్ సలాం.

నీది శ్రమల కాలం, నాది రంజాన్. నువ్వు మాట మానుకున్నావు, నేను పగటిపూట మంచినీళ్ళు మానుకున్నాను. మీ మరదలు మహజబీన్ నవ్వింది. "ఆయప్ప అన్నం లేకున్నా బతుకుతాడు గానీ, అరవకుంటే ఎట్ల బతుకుతాడప్పా?" అంది.

నువ్వడిగిన పనికి మామూలు లాప్‌టాప్ చాలదు. ఇంజనీర్లు వాడే రకం, వర్క్‌స్టేషన్ అంటారు, అది కావాలి. బెంగళూరులో ఒక కంపెనీ వాడి వదిలేసింది ఒకటి నా దగ్గరికొచ్చింది. మూడు కిలోల బరువు, చార్జరు ఇటుకంత. గొంతు నేర్చుకునే కష్టమంతా గ్రాఫిక్స్ కార్డుది. ఈ రకంలో అది బోర్డుకు అతికే వస్తుంది, తర్వాత మార్చలేం. అందుకే అది పెద్దగా ఉన్న బండిని ఎంచాను. మెమరీ పదహారు జీబీ ఉంది, అరవై నాలుగు చేస్తాను. మెమరీ కార్డులు పెట్టే నాలుగు గదుల్లో రెండు కీబోర్డు కింద ఉంటాయి కాబట్టి మొత్తం విప్పాలి. విప్పినప్పుడే ఫ్యాన్లు శుభ్రం చేసి, ప్రాసెసరు మీద వేడి లాగే పేస్టు ఎండిపోయింది, గీకి కొత్తది పూస్తాను.

నువ్వు తేల్చాల్సింది ఒక్కటి. ఇందులో రెండు డిస్కులు పడతాయి. రెంటిలోనూ ఒకే సరుకు పెట్టొచ్చు. అప్పుడు ఒకటి చచ్చినా రెండోది బతికి ఉంటుంది. లేదంటే రెంటినీ కలిపి ఒకే పెద్ద డిస్కులా చేయొచ్చు. వేగం ఎక్కువ, కానీ ప్రతి ఫైలూ సగం దాంట్లో సగం దీంట్లో పడుతుంది. ఒకటి పోతే రెండూ పోయినట్టే. నా మాట విని మొదటిదానికే ఒప్పుకో. బయట ఇంకో డిస్కులో కూడా కాపీ ఉంచుకుందాం.

మా అబ్బా యూసుఫ్ సాబ్ షాపులో నువ్వు రేడియోలు మోస్తూ, డబ్బాల మీది పేర్లు చూసి చదువు నేర్చుకున్న రోజుల నుంచి నువ్వు నాకు అన్నవు. ఆ చనువుతో అడుగుతున్నాను. ఇంత తొందరెందుకు?

హారూన్


ఎమ్మిగనూరు,
మార్చి 11.

హారూనూ,

రెండూ కలుపు. ఇద్దరూ ఏకమవుతారని ఆదిలోనే రాసి ఉంది. ఒకే మాటను రెండు చోట్ల దాచుకోవడం రెండు మనసులవాడి పని. వాడు గాలికి అలలా ఊగుతాడు. ఎర్ర సముద్రం ముందు నిలబడి మోషే ఇంకో దారి కూడా చూసి పెట్టుకున్నాడా? పని ఒక్క రోజు ముందు ముగిసినా నాకు చాలు. బయట డిస్కూ వద్దు. నమ్మినవాడికి ఒక్కటి చాలు.

యూసుఫ్ సాబ్ సోల్డరింగ్ పట్టుకుంటే చేయి వణికేది కాదు. నీకు ఆ షాపు వచ్చింది గానీ ఆ గుండె రాలేదు. చేతనైతే చెయ్యి. లేకుంటే కర్నూల్లో ఎవడో చేస్తాడు.

తొందరెందుకని అడిగావు. ప్రభువనే పెండ్లికొడుకు ఏ గడియన వస్తాడో ఎవరికీ తెలియదు గనుక.

ఇశ్రాయేలు


ఆదోని,
మార్చి 19.

అన్నకు,

కలిపేశాను. నువ్వు చెప్పినట్టే.

లాప్‌టాప్ గోవిందన్న సీటు వెనక పెట్టించాను. ప్రోగ్రాము ఎట్లా నడపాలో వేరే కాగితం మీద వరుసగా రాశాను. ఎక్కించిన ప్రసంగాలన్నీ అది నేర్చుకోవాలంటే రోజుల తరబడి ఆపకుండా నడవాలి, బాగా వేడెక్కుతుంది. వేడిగాలి వెనక సందుల్లోంచి పోతుంది. ఆ సందులు జాగ్రత్త. మీ పక్కింట్లో మగ్గాలున్నాయి, నూలు పొట్టు ఎగురుతుంటుంది, కిటికీ మూసుకో. కీబోర్డు మీద నీళ్ళూ టీలూ పోసుకోకు.

సౌండు పరీక్షకు ఒక ప్రసంగంలో మూడు నిమిషాల ముక్క విన్నాను. ఏదో రాయను. గొంతు మాత్రం పిడుగే.

పాతదాన్ని తుడిచేశాను. ఇప్పుడు నీ ప్రసంగాలు ఈ బండిలో తప్ప ఎక్కడా లేవు. క్యాసెట్లనైనా భద్రం చేసుకో.

హారూన్


ఎమ్మిగనూరు,
మార్చి 29.

నా తమ్ముడు హారూన్‌కు,

పలికింది! ఇంకా సగం చదువే అయింది, అయినా ఆగలేక 'సమాధానం' అని టైపు చేశాను. నా గొంతు, తమ్ముడూ! మైకు లేకుండా గోనెగండ్ల సంత అవతలికి వినబడిన గొంతు. గడియ పెట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాను. లోయలో ఎండిన ఎముకలు కూడి లేస్తుంటే ప్రవక్త విన్న గలగల ఇలాగే ఉండి ఉంటుంది.

దీన్ని మామూలు సామానులా ఉంచలేదు. మందిరానికి కొత్త డోలక్ వచ్చినా, విశ్వాసి ఇంటికి ట్రాక్టరు వచ్చినా తైలంతో ప్రతిష్ఠించేది నేనే కదా. యాకోబు రాయి మీద నూనె పోస్తే ఆ చోటు దేవుని ఇల్లయింది. దీనికీ ఒలీవ నూనెలో అత్తరు కలిపి రెండు శుక్రవారాలు పోశాను. నీ మాట మరిచిపోలేదు, కీబోర్డు మీద చుక్క పడనివ్వలేదు. వెనక సందుల్లో పోశాను. దాని ఊపిరి అక్కడే ఉంది కదా, ఊపిరి ఉన్న చోటే అభిషేకం. ఆ అత్తరు వాసన వేడిగాలిలో కలిసి ఇల్లంతా నిండింది. ఈ రెండు రోజులుగా వేడి ఎక్కువైంది, రొద కూడా చేస్తోంది. నిప్పు లేని బలిపీఠం ఉంటుందా!

క్యాసెట్లు బూజు పట్టాయి. చిరిగిన వాక్య గ్రంథాన్ని మేం పారెయ్యం, పూడ్చిపెడతాం. మీరూ అంతే కదా. అలాగే మీ వదిన సంతోషమ్మ సమాధి పక్కన గుంట తీసి రెండు వందల పన్నెండూ పూడ్చాను. ఆమె పోయి నాలుగేండ్లు. నా ప్రసంగం ఒక్కటీ తప్పకుండా విన్న మనిషి ఆమె ఒక్కతే. అందరూ 'ఆమేన్' అన్నాక అర క్షణం ఆలస్యంగా, అందరికన్నా పైన, ఆమె ఆమేన్ వినబడేది. అది పడితేనే నాకు ప్రసంగం ముగిసినట్టు.

ఇశ్రాయేలు


ఆదోని,
మార్చి 31.

అన్నా,

ఈద్గా నుంచి వచ్చి, సేమియా గిన్నె పక్కన పెట్టి రాస్తున్నాను. ఆపు. చదవడం కూడా తర్వాత, ముందు వైరు పీకు.

నూనె ఫ్యాన్లలోకి పోయి ఉంటుంది. నూలు పొట్టు దానికి అంటుకుని గాలి సందులు జిగటగా మూసుకుపోయి ఉంటాయి. అది రొద చేయడం ప్రార్థన కాదన్నా, ఊపిరాడక కొట్టుకోవడం. దాని వేడిలో అదే ఉడుకుతోంది. పై మూత మీద ఒక్క బొట్టు పెట్టి ఉంటే నీ ప్రతిష్ఠ తీరేది కదా! నీళ్ళూ టీలూ అని రాశాను గానీ, నూనె అని రాయాలని నాకు తోచలేదు. ఎవరికి తోస్తుంది?

పొద్దున్నుంచి పదిసార్లు ఫోన్ చేశాను. మొక్కు పక్కన పెట్టి ఎత్తు. మాట్లాడకు. ఒక్క 'ఊ' అను, చాలు.

హారూన్


ఎమ్మిగనూరు,
ఏప్రిల్ 2.

హారూన్‌కు,

'ఊ' అనమన్నావు. అనలేను.

నీ కాగితం అందేలోపే అది ఆగిపోయింది. నల్లటి తెర మీద ఒకటే తెల్లటి వరుస. డిస్కు దొరకలేదట. ఈ బస్సులోనే పంపుతున్నాను.

మొక్కు లేదు తమ్ముడూ. అబద్ధం రాశాను. జనవరిలో కర్నూలు పోయి చూపించుకున్నాను. గొంతులో పుండు, చెడ్డది. ఫిబ్రవరికే మాట బుసలాగా మారింది. తొమ్మిదో తేదీన గొంతుపెట్టె తీసేస్తారు. మాత్రలు విసిరేసి విశ్వసించండి అని ముప్పై ఏండ్లు అరిచినవాణ్ణి, కత్తి కింద పడుకోబోతున్నానని సంఘానికి ఏ ముఖంతో చెప్పను?

అసలు సంగతి అది కూడా కాదు. నా కొడుకు సామ్సన్ సంగతి. తొమ్మిదేండ్ల కిందట షుగరు జబ్బున్న ఒక తల్లిని నిలబెట్టి, మాత్రలు మానేయమని ఆజ్ఞాపిస్తున్నాను. మైకుసెట్టు చూసేవాడు వాడే. ప్రసంగం మధ్యలో నా మైకు ఆపేశాడు. "నాయనా, ఆయమ్మ సస్తాది, సెప్పొద్దు" అన్నాడు, అందరి ముందూ. నేను పాటల మైకు లాక్కుని, నా నోరు మూసిన చేయి ఎండిపోవాలన్నాను. ఈ గడప తొక్కకూడదు, నా శవాన్ని ముట్టకూడదు అన్నాను. వాళ్ళమ్మ మట్టికి కూడా రానివ్వలేదు.

సంఘ కాపరి నోటి నుంచి వచ్చిన వెలిని ఆ నోటితోనే, ఆ పీఠం మీదే తీయాలి. కాగితం చెల్లదు, ఇంకొకరి నోరు చెల్లదు. ఈ కట్టడి పెట్టినవాణ్ణి నేనే. అందుకే ఈ యంత్రం. ఈస్టరు నాడు నేను ఆసుపత్రిలో ఉన్నా, దీన్ని పీఠం మీద పెట్టించి నా గొంతుతోనే వెలి తీయాలనుకున్నాను.

నిన్న సమాధి పక్కన తవ్వాను. అకాల వానకు నల్లరేగడి నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. క్యాసెట్లు తీస్తుంటే టేపు ముద్దలు ముద్దలుగా, పేగుల్లాగా, చేతికి వచ్చింది.

బాగు చెయ్యి. చేయగలవా?

ఇశ్రాయేలు


ఆదోని,
ఏప్రిల్ 5.

అన్నకు,

చేయలేను.

విప్పాను. ఫ్యాన్ల నిండా నూనెలో నానిన నూలు, దీపం వత్తుల్లాగా. ఒక డిస్కు చిప్పు కమిలి నల్లబడింది. రెండోది బాగానే ఉంది, కానీ అందులో ఉన్నది సగమే. నీ ప్రతి ప్రసంగమూ ముక్కలు ముక్కలుగా సగం బతికింది, సగం చచ్చింది. దాన్ని కూర్చి వినిపించడం ఎవరివల్లా కాదు. బెంగళూరులో పోయిన డేటా తీసేవాళ్ళకు ఫోటోలు పంపితే వాళ్ళూ అదే చెప్పారు.

తప్పు నీ ఒక్కడిదే కాదు. యూసుఫ్ సాబ్ గుండె రాలేదన్నావే, ఆ మాటకు ఒళ్ళు మండి, నీకే తెలిసొస్తుందిలే అని కలిపాను. నీకు చెప్పకుండా ఒక కాపీ ఉంచి ఉండొచ్చు. పంతానికి ఉంచలేదు.

నేనూ రెండు దాచాను. పరీక్షకు విన్న ముక్క నా కంప్యూటరులో ఉండిపోయింది. మూడు నిమిషాలు. అది ఆ శాపమే. మొన్న దాన్ని ప్రోగ్రాముకిచ్చి చూశాను. గొంతు వచ్చింది. 'సామ్సనూ, ఇంటికి రా నాయనా' అని టైపు చేశాను. అన్నా, కొట్టడానికి పిలిచినట్టు పలికింది. నాలుగు రకాలుగా మార్చి చూశాను. అది నేర్చుకున్నది కోపం ఒక్కటే, వేరేది దానికి రాదు.

రెండోది. సామ్సన్ ఆదోనిలోనే ఉన్నాడు. ఆరేండ్లుగా పత్తి జిన్నింగ్ మిల్లులో కరెంటు పని చేస్తున్నాడు. నీకు చెబితే ఊరొదిలి పోతానని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పాను.

ఒకటి అడుగుతాను, కోపమొస్తే రానీ. ఫిబ్రవరిలో నీకు బుసలాంటి గొంతన్నా ఉంది. దాంతోనే పీఠమెక్కి 'వెలి తీశాను' అని ఎందుకు అనలేదు? రెండే మాటలు. మెల్లగా అంటే చెల్లదని ఎక్కడైనా రాసి ఉందా? ఉరుములాగే తీయాలనుకున్నావు. నీకు కావాల్సింది కొడుకా, ఉరుమా?

హారూన్


కర్నూలు,
ఏప్రిల్ 27.

హారూన్‌కు,

ఉరుమే.

పద్దెనిమిది రోజులుగా ఈ మంచం మీద పడుకుని, నువ్వడిగినదానికి వేరే జవాబు వెతికాను. దొరకలేదు. కొండ మీద ఏలీయా ముందు పెనుగాలి పోయింది, భూకంపం పోయింది, అగ్ని పోయింది, వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత వచ్చిన మెల్లని గొంతులో ఉన్నాడు. ఆ కథ వందసార్లు చెప్పి ఉంటాను. మెల్లని గొంతు దగ్గరికి వచ్చేసరికి నేను గట్టిగా అరిచి చెప్పేవాణ్ణి. ఆ మెల్లని గొంతే నాకిచ్చి ఏడు వారాలు ఉంచాడు. సిగ్గుపడి దాచుకున్నాను.

ఇప్పుడు మెడలో రంధ్రం. ఊపిరి అక్కడి నుంచే. దగ్గినా చప్పుడు అక్కడి నుంచే.

నీ దగ్గరున్న ముక్క తుడిచెయ్యి. వాడు ఆ గొంతు మళ్ళీ వినకూడదు. భూమి మీద నా గొంతు లేకుండా పోతే పోనీ.

మోషే నాలుక మందమైతే అహరోను మాట్లాడాడు. మీకూ తెలిసిన కథే, నీకు పెట్టింది ఆయన పేరే. ఇంకొకరి నోరు చెల్లదన్న కట్టడిని పెట్టినవాణ్ణే కొట్టేస్తున్నాను. కింద రాసింది నువ్వు వాడి ముందు నిలబడి చదువు.

సామ్సనూ. నువ్వు మైకు ఆపింది న్యాయం. ఆ తల్లి నా మాట విని మాత్రలు మానింది, ఆ వానాకాలంలోనే పోయింది. ఎట్లా పోయిందో సంఘానికి తెలియనివ్వలేదు. నీ మీద పెట్టిన వెలి తీసేశాను. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. గడప నీది. రాకపోయినా నీదే.

ఇశ్రాయేలు


ఆదోని,
మే 4.

అన్నకు,

చదివాను.

ముక్క ముందురోజే తుడిచేసి, మిల్లు గేటు దగ్గరికి పోయాను. "ఏందన్నా, కోర్టు బంట్రోతు మాదిరి కాగితం పట్టుకొని వచ్చినావు?" అని నవ్వాడు. నీ పేరు చెప్పగానే ఆ నవ్వు పోయింది. నిలబడి విన్నాడు. చేతిలో టెస్టరు ఉంది, చదివినంతసేపూ దాని మూత తిప్పుతూనే ఉన్నాడు. చేయి ఎండిపోలేదన్నా. కాయలు కాసింది.

"ఆయప్పే సెప్పొచ్చు గదా" అన్నాడు.

"సెప్పేకి నోరు ల్యాదురా. గొంతు తీసేసినారు."

దూది బేలు మీద కూలబడ్డాడు. టెస్టరు జేబులో పెట్టుకుని, "క్యాసెట్లు ఉండాయి గదా?" అన్నాడు.

"అన్నీ పోయినాయి. నా కాడ మూడు నిమిషాలుంటే అదీ నిన్న తుడిచేసినా. మీ నాయన గొంతు ఇంక యాడా లేదు."

"నా కాడ ఉంది."

ఫోన్ తీశాడు. ఆ రోజు మైకుసెట్టు పక్కన వాడి ఫోన్లో కూడా రికార్డు నడుస్తూ ఉందట. ఆ పొద్దుటిది, మొత్తం.

"మూడు ఫోన్లు మారిస్తిని. ఇది మాత్రం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకుంటా వచ్చినా" అన్నాడు.

"శాపాన్ని ఎవడన్నా దాసుకుంటాడేమిరా, పిచ్చోడా?"

"శాపం కోసరం కాదన్నా. ఆయప్పకే ఇనిపిస్తా. వచ్చే ఆదివారం పోతాండా."

ఎందుకో ఎంత అడిగినా చెప్పలేదు. నాకు భయంగా ఉంది. నీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

హారూన్


ఎమ్మిగనూరు,
మే 12.

తమ్ముడు హారూన్‌కు,

నిన్న ఆరాధనలో నా కాగితం దేవదాసు పీఠం మీద నిలబడి చదివాడు. నా పుండు సంగతి, ఆ తల్లి సంగతి, సామ్సన్ సంగతి. చదువుతుండగానే సగం బెంచీలు లేచిపోయాయి. ఆ తల్లి తమ్ముడు మద్దయ్య పోతూ పోతూ నా ముందు ఆగి, నేల మీద ఉమ్మి పోయాడు. అతనిది న్యాయం.

అందరూ పోయాక చూస్తే మైకుసెట్టు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బెంచీ మీద ఫోన్ పెట్టి నొక్కాడు.

నా గొంతు. ఆ ప్రతి మాటా. 'ఆపు' అని పలక మీద రాసి చూపించాను.

"ఆపను నాయనా. ఒగసారి ఆపినందుకే ఇంత అయింది" అన్నాడు.

చివరిదాకా విన్నాను. శాపం ముగిసింది, సంఘమంతా ఆమేన్ అంది. వాడు వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు.

"నిన్ను నువ్వు ఇనొద్దు. ఆమేన్ ఇను. అందులో అమ్మను ఎతుకు."

మూడుసార్లు విన్నాను. దేవదాసు ఆమేన్ ఉంది. మద్దయ్య ఆమేన్ ఉంది. ఆ షుగరు తల్లి ఆమేన్ కూడా ఉంది. అందరూ అనేశాక ఆ అర క్షణం వచ్చింది. అక్కడ ఏమీ లేదు.

"ఆడోళ్ళ సాప ఎదురుగానే ఉండె నా ఫోను. అమ్మ నోరు తెరవల్యా. తొమ్మిదేండ్లూ దీని కోసరమే ఇన్నా" అన్నాడు.

ఆ రోజు నా ప్రసంగం ముగియనే లేదన్నమాట. ఆమె బతికున్న ఐదేండ్లూ నాకు అన్నం పెడుతూనే ఉంది, ఆ సంగతి ఎత్తలేదు. నేను అడగలేదు. నన్ను నేను వినడంలో ఉండిపోయాను.

క్షమించానని వాడు అనలేదు. మళ్ళీ వస్తానని కూడా అనలేదు. లాప్‌టాప్ నీ దగ్గరే ఉంచుకో. అవసరమున్న వాళ్ళకు తయారు చేసి ఇవ్వు. ఈసారి రెండు డిస్కుల్లోనూ ఒకటే పెట్టు.

సాయంత్రం ఇద్దరం సమాధి దగ్గరికి పోయాం. నేను తవ్వి వదిలేసిన గుంటను వాడు చేత్తోనే మట్టి తోసి పూడ్చాడు. వాడు మాట్లాడలేదు. నేను మాట్లాడలేను. ఆ రోజు మందిరంలో నోరు తెరవని మనిషి ఆమె ఒక్కతే. ఆమె పక్కన కూర్చోవడానికి నాకు ఇంత కాలం పట్టింది.

ఇశ్రాయేలు